ద్వీపాల లెక్క, సండూరు కొండ

1967లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ప్రెస్సు రెండువందల పేజీల పైచిలుకు పుస్తకం ఒకటి అచ్చువేసింది. పేరును తెలుగు చేసుకుంటే ‘ద్వీప జీవభూగోళ సిద్ధాంతం’ అవుతుంది. రాసినవాళ్ళు ఇద్దరు. రాబర్ట్ మెకార్థర్ గణితం చదివి పక్షుల వైపు మళ్ళినవాడు. ఎడ్వర్డ్ విల్సన్ చీమల శాస్త్రజ్ఞుడు. మెకార్థర్ 1972లో నలభై రెండేళ్ళకే కన్నుమూశాడు. విల్సన్ 2021 డిసెంబరు దాకా బతికి చాలా పుస్తకాలు రాశాడు గాని, నా దృష్టిలో ఈ జంట రచన అంత పొదుపైన పుస్తకం ఆయన మళ్ళీ రాయలేదు. సాహిత్య పత్రికలో దీని గురించి ఎందుకని అడిగేవాళ్ళుంటారు. సండూరులో కాపురముంటూ ఇది చదివితే ప్రతి అధ్యాయంలోనూ మన కొండ కనిపిస్తుంది, కొన్ని అధ్యాయాలతో పోట్లాట కూడా వస్తుంది. ఆ పోట్లాటే ఈ వ్యాసం.

సిద్ధాంతం చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సముద్రంలో ఒక ద్వీపం ఉంది. బయటి నుంచి కొత్త జీవజాతులు వస్తుంటాయి, ఉన్న జాతుల్లో కొన్ని అక్కడ నశిస్తుంటాయి. ద్వీపం నిండేకొద్దీ కొత్తగా వచ్చేవి తగ్గుతాయి, నశించేవి పెరుగుతాయి. పటం మీద ఒక గీత దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది. రెండూ కలిసే చోటు ఆ ద్వీపం మోయగల జాతుల సంఖ్య. ద్వీపం పెద్దదైతే నశించేవి తక్కువ. తీరానికి దగ్గరైతే వచ్చేవి ఎక్కువ. వైశాల్యం, దూరం, ఈ రెండు కొలతలతో ఇద్దరూ లోకంలోని ద్వీపాలన్నిటినీ ఒక పటంలో కూర్చోబెట్టారు. బి.కాం. చదివినవాడెవడికైనా ఆ పటం చూడగానే గిరాకీ, సరఫరా గీతలు గుర్తుకొస్తాయి. నాకు పుస్తకం మీద మక్కువ పుట్టింది అక్కడే.

ఇందులో అసలు చమత్కారం వేరే ఉంది. సంఖ్య నిలకడగా ఉంటుంది, పేర్లు మారిపోతుంటాయి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఒక శాఖలో ప్రతి మార్చి 31కీ ఖాతాలు రెండువేలే తేలవచ్చు. పదేళ్ళ కిందటి ఖాతాదార్లే ఇవాళా ఉన్నారని దానర్థం కాదు. ఎన్ని మూశారు, ఎన్ని తెరిచారు అన్నది మొత్తం చూస్తే తెలియదు, పుస్తకం తిరగెయ్యాలి. మెకార్థర్, విల్సన్‌లు ప్రకృతి పుస్తకం తిరగేసి ఈ సంగతి బయటపెట్టారు. అందుకు వాళ్ళు తీసుకున్న ఉదాహరణ క్రకటోవా.

1883 ఆగస్టు 27న జావా, సుమత్రాల మధ్యనున్న ఆ అగ్నిపర్వతం పేలి, ద్వీపంలో ఎక్కువ భాగం సముద్రంలో కలిసింది. మిగిలిన రకటా ముక్క మీద వేడి బూడిద మీటర్ల మందాన పడింది. తొమ్మిది నెలల తర్వాత అక్కడికి వెళ్ళిన పరిశోధకులకు కనిపించిన ప్రాణి ఒక్క సాలెపురుగు. గాలిలో దారం వదిలి దాని మీద తేలివచ్చి, తినడానికి ఏమీ లేని చోట గూడు అల్లుకుంటోంది. 1886 నాటికి బూడిద మీద పాచి, ఫెర్న్ మొక్కలు వచ్చాయి. తర్వాత గడ్డి, తర్వాత చెట్లు. 1908లో రకటా మీద స్థిరనివాసపు పక్షి జాతులు 13. 1921 నాటికి 27. 1934 నాటికీ 27. అయితే ఈ రెండు లెక్కల మధ్య అయిదు జాతులు పోయాయి, అయిదు కొత్తవి వచ్చాయి. ఆడిటరు ఎవరూ తప్పు పట్టలేనంత చక్కగా కుదిరింది.

ఆ చక్కదనం మీదే నాకు పేచీ. 1921కి, 1934కి నడుమ రకటా మీద అడవి మూసుకుపోతోంది. గడ్డి మైదానం చెట్ల నీడ కిందికి పోతోంది. బయలు నేల మీద బతికే పిట్టకు అక్కడ పనేముంది? పోయిన పేర్లలో కొన్ని ఊరికే పాచికలు పడి పోయినవి కావు, ఇల్లు మారిపోయి పోయినవి అని తర్వాతి పరిశోధకులు చూపించారు. అంటే 1883 నాటి దెబ్బ యాభై ఏళ్ళ తర్వాత కూడా పనిచేస్తూనే ఉంది. పుస్తకంలో ఉత్పాతం కథ మొదలు పెట్టడానికి పనికొచ్చింది, తర్వాత గీతలు రెండూ హాయిగా కలుసుకోవడానికి దాన్ని గుమ్మం బయట నిలబెట్టారు. క్రకటోవా పక్కనే 1927లో సముద్రంలోంచి లేచిన పిల్ల అగ్నిపర్వతం మీద అది గుమ్మం బయట నిలబడలేదు. పచ్చదనం మొలవడం, పేలుడు వచ్చి దాన్ని తుడిచేయడం అనేకసార్లు జరిగింది. 2018 డిసెంబరులో కొండే సగం కూలి సునామీ వచ్చింది. ఆ దీవికి నిలకడ సంఖ్య ఎంత అని అడగడంలో అర్థం లేదు. మళ్ళీ ఎప్పుడు పేలుతుంది, ఎంత పేలుతుంది, అప్పుడు ఒడ్డున ఎవరు కాచుకుని ఉన్నారు అన్నవే అక్కడ అడగాల్సిన ప్రశ్నలు.

విల్సన్, ఆయన శిష్యుడు డేనియల్ సింబర్లాఫ్ కలిసి ఫ్లోరిడా తీరంలో ఒక సాహసం చేశారు. మడచెట్ల చిన్న చిన్న లంకలు ఆరింటిని ఎంచుకుని, వాటి మీద గుడారాలు వేసి, లోపల విషవాయువు నింపి పురుగూ పుట్రా అన్నిటినీ చంపించారు. ఆ పనికి ఇళ్ళలో చెదపురుగుల మందు కొట్టే కంపెనీ వాళ్ళనే పిలిచారు. ఏడాది తిరక్కముందే, అన్నిటికన్నా దూరపు లంక తప్ప మిగతా వాటిలో పురుగుల జాతుల సంఖ్య పాత లెక్క దగ్గరికి వచ్చేసింది. పేర్లు మాత్రం చాలావరకు వేరు. 1969లో ఇది అచ్చయ్యాక సిద్ధాంతానికి తిరుగులేదని చాలామంది అనుకున్నారు.

నా అభ్యంతరం చిన్నది. అక్కడ చెట్లను ఎవరూ ముట్టుకోలేదు. అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించి ఇల్లు అలాగే ఉంచితే, కొత్తవాళ్ళు దిగడానికి ఎన్నాళ్ళు పడుతుంది? క్రకటోవాలో ఇల్లు కూడా కాలింది, స్థలం మిగిలింది. అక్కడా కొన్ని వేళ్ళు, విత్తనాలు బూడిద కింద బతికి ఉన్నాయా లేదా అన్న వాదం దశాబ్దాల తరబడి సాగింది. అది వట్టి పండితుల కయ్యం కాదు. మట్టిలో విత్తనాల నిలువ మిగిలితే అడవి తన సొంత డిపాజిట్‌తో లేస్తుంది, మిగలకపోతే బయటి అప్పుతో లేవాలి. శాస్త్రజ్ఞులు దాన్ని విత్తన బ్యాంకు అనే అంటారు, మా వృత్తికి ఇంతకన్నా గౌరవం ఇంకెక్కడా దక్కలేదు. ఇక మూడో రకం దెబ్బ ఉంది. ఇల్లు పోయి, స్థలం పోయి, మట్టి కూడా లారీకెక్కి పోయే దెబ్బ. దాని గురించి ఈ పుస్తకంలో లేదు. దాన్ని చూడాలంటే సండూరు రావాలి.

సండూరు చుట్టూ సముద్రం లేదని నాకూ తెలుసు. బళ్ళారి మైదానం అయిదువందల మీటర్ల ఎత్తులో, నల్లరేగడి, ఎండ, జొన్న, పత్తి. దాని నడుమ మన కొండలు వెయ్యి మీటర్ల దాకా లేస్తాయి. పైన వాన ఎక్కువ, మంచు దిగుతుంది, అడవి ఉంటుంది. నీలకురింజి పడమటి కనుమల పువ్వు, పన్నెండేళ్ళకొకసారి పూస్తుంది. అది నడుమ ఉన్న మెట్ట నేలంతా వదిలేసి సండూరు కొండల మీద కనిపిస్తుంది. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని పసుపుగొంతు పిగిలిపిట్టకు ఈ వైపు కొండలు నివాసం. కిందికి దిగి దరోజీ వైపు పోతే 1994లో ఏర్పడ్డ ఎలుగుబంట్ల అభయారణ్యం. కన్నడిగులు ద్వీపాన్ని ‘నడుగడ్డె’ అంటారు, మనవాళ్ళు కృష్ణా తుంగభద్రల నడుమ నేలను ‘నడిగడ్డ’ అన్నారు. ఎండ నేల నడుమ పచ్చని కొండకు ఆ మాట చక్కగా సరిపోతుంది. మెకార్థర్, విల్సన్‌లకూ అభ్యంతరం ఉండదు. పుస్తకం మొదట్లోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక మండలపు అడవి 1831 నుంచి 1950 దాకా ముక్కలు ముక్కలుగా ఎలా విడిపోయిందో పటాలు వేసి, ఇవీ ద్వీపాలేనని వాళ్ళే సూచించారు. 1996లో డేవిడ్ క్వామెన్ డోడో పక్షి మీద రాసిన పెద్ద పుస్తకం, మంచి పారసీక తివాచీని ముప్పై ఆరు ముక్కలుగా కోస్తే ఏమవుతుందన్న ప్రశ్నతో మొదలవుతుంది. ముప్పై ఆరు చిన్న తివాచీలు రావు, అంచులు ఊడిపోయే ముప్పై ఆరు పీలికలు వస్తాయి. జనానికి అర్థమయ్యేలా చెప్పడంలో క్వామెన్‌దే పైచెయ్యి.

అయితే సండూరు ద్వీపానికి ఒక ప్రత్యేకత ఉంది, అది ఏ పుస్తకంలోని ద్వీపానికీ లేదు. మన కొండ కొండగా నిలబడింది ఇనుము వల్ల. చుట్టూ ఉన్న మెత్తని రాయి కోట్ల ఏళ్ళలో అరిగి మైదానమైంది. ఇనుప రాతి పొరలు గట్టివి గనుక అరగకుండా వెన్నెముకలా మిగిలాయి. నారిహళ్ళ వాగు మాత్రం భీమగండి, ఓబళగండి దగ్గర దాన్ని కోసుకుంటూ పోయింది. ఆ గట్టి పొర ఎత్తునిచ్చింది, ఎత్తు వాననిచ్చింది, వాన అడవినిచ్చింది. ఇప్పుడు మనం తవ్వి ఓడకెక్కించేది ఆ పొరనే. క్రకటోవా మీద బూడిద పడింది, ఫ్లోరిడాలో విషం పడింది. ఇక్కడ ద్వీపానికి ఆధారమైనదాన్నే టన్నుల లెక్కన అమ్ముతున్నాం. వైశాల్యం, దూరం అనే రెండు కొలతల పక్కన ఎత్తు అనే మూడో కొలత పెట్టక తప్పదు.

గనుల చరిత్ర ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు, రెండు మాటల్లో ముగిస్తాను. ఘోర్పడేల సంస్థానం 1949లో విలీనమైంది. 1954లో సండూరు మాంగనీసు కంపెనీ వచ్చింది, 1970ల్లో దోణిమలై గని వచ్చింది. అప్పటి దెబ్బ నెమ్మదైన దెబ్బ. 2003 తర్వాత చైనా గిరాకీతో వచ్చింది ఉప్పెన. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకం ఆపింది. 2013 ఏప్రిల్ 18 తీర్పులో గనులను ఎ, బి, సి అని మూడు తరగతులు చేసి, సి తరగతివాటిని రద్దు చేసి, మిగతావాటికి పునరుద్ధరణ ప్రణాళిక లేనిదే పలుగు ముట్టకూడదంది. జిల్లాకు ఏటా రెండున్నర కోట్ల టన్నుల హద్దు పెట్టింది. ఆ హద్దు తర్వాత సడలుతూ వచ్చి 2022 ఆగస్టులో మూడున్నర కోట్లయింది. జీవశాస్త్రం కోసం చదివితే ఈ తేదీల్లో ముఖ్యమైనది 2011. ఉత్పాతం ఒక్కరోజులో ఆగిన ప్రయోగశాల అంతకన్నా పెద్దది మరెక్కడ దొరుకుతుంది?

ఆగిన మట్టిదిబ్బల మీదికి మొదట ఎవరు వచ్చారు? పుస్తకంలో ప్రసిద్ధి పొందని నాలుగో అధ్యాయం ఇక్కడ అక్కరకొస్తుంది. కొన్ని జీవాలు ఖాళీ చోటు కోసం పుట్టినవి. చిన్న విత్తనాలు, చాలా విత్తనాలు, తొందరగా పెరగడం, తొందరగా పోవడం. కొన్ని నిండిన చోట నెగ్గడం కోసం పుట్టినవి. నిదానం, నీడ ఓర్చుకోవడం, తక్కువ సంతానం. మాటిమాటికీ దెబ్బ తగిలే చోట మొదటి రకానిదే రాజ్యం. మన దిబ్బల మీద వయ్యారిభామ, పులికంప, వాటి వెనక ముళ్ళ కంప. ఈ కంప కథ ఒకటి చెప్పి తీరాలి. మెక్సికో, కరీబియన్ల వైపు పుట్టిన ఈ చెట్టు విత్తనాలను 1870ల్లో తెప్పించి మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. తెలుగు నేల మీద అది సర్కారు తుమ్మ అయింది. సరిహద్దు దాటి కన్నడంలో దాని పేరేమిటో తెలుసా? ‘బళ్ళారి జాలి’. ఎక్కడి చెట్టు, ఎక్కడ దిగింది, ఎవరి ఇంటిపేరు పెట్టుకుంది! వలస జాతి స్థానికమైపోవడం ఇంత పచ్చిగా చెప్పిన మాట ఏ శాస్త్రగ్రంథంలోనూ నాకు దొరకలేదు.

సిద్ధాంతం మీద నా రెండో అభ్యంతరం ఇక్కడే పుట్టింది. ఉత్పాతం ద్వీపాన్ని ఖాళీ మాత్రమే చేస్తుందని పుస్తకం చదివినవాడు అనుకుంటాడు. మన దగ్గర అది దూరాన్ని కూడా చెరిపేసింది. గనికి రోడ్డు, రోడ్డు మీద రాత్రింబవళ్ళు లారీలు, లారీ చక్రాలకు అంటిన బురదలో విత్తనాలు, దారి పొడుగునా మేకలు. మేక కంప కాయ తిని గింజను ఎరువుతో సహా పైన విత్తుతుంది. కొండకూ మైదానానికీ మధ్య ఉన్న ‘సముద్రం’ ఇంకిపోయింది. అంటే నశించే గీత పైకి లేచినట్టే వచ్చే గీత కూడా పైకి లేచింది. రెండూ లేస్తే కలిసే చోట సంఖ్య పాతంతే ఉండవచ్చు, పెరగనూ వచ్చు! చిరుమాను, నారేపి పోయిన పద్దు కింద నాలుగు కలుపు మొక్కల పద్దు వేసి, కొండ లాభంలో ఉందని చూపించవచ్చు. జాతుల సంఖ్యను ఆరోగ్యానికి కొలతగా వాడితే వచ్చే ప్రమాదం ఇదే. మరీ ఎక్కువా మరీ తక్కువా కాని కుదుపులో జాతులు ఎక్కువగా ఉంటాయని 1978లో జోసెఫ్ కానెల్ చెప్పాడు. ఆ మాట మీద తర్వాత చాలా విమర్శ వచ్చింది, కాని గనుల వైపు మాట్లాడేవాళ్ళ నోట అది ‘కొంచెం తవ్వితే మంచిదే’ అన్నట్టు వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆయన మాట్లాడింది చెట్టు కూలడం, తుపాను, పగడపు దిబ్బ విరగడం గురించి. మట్టి మిగిలే దెబ్బల గురించి.

పునరుద్ధరణ ప్రణాళికలను కూడా నేను ఒక రకం రచనగానే చదువుతాను. ఆ భాషలో గోడలున్నాయి, వాగుల మీద చెక్ డ్యాములున్నాయి, మొక్కల సంఖ్య ఉంది. గోడలు, చెక్ డ్యాములు నిజంగా మేలు చేసేవి, బురద పొలాల్లోకి దిగకుండా ఆపేవి. చిక్కు మొక్కల దగ్గరే. ఇన్ని వేలు నాటాం, ఇన్ని బతికాయి అన్నది జమాఖర్చు. ఎవరి తర్వాత ఎవరు రావాలన్న క్రమం అందులో ఉండదు. శ్రీగంధం తీసుకోండి. అది ఒంటరిగా బతకదు, పక్క చెట్టు వేళ్ళ నుంచి కొంత ఆహారం లాక్కుంటుంది. దాని పండు తిని గింజ వేసేవి పిట్టలు. కనుక ముందు ఆశ్రయమిచ్చే మొక్క రావాలి, పిట్ట వాలడానికి కొమ్మ కావాలి, అప్పుడు గంధం. తంగేడు, బందారు పొదలు ముందొచ్చిన దిబ్బకూ, ఆస్ట్రేలియా తుమ్మ వరసలుగా నాటిన దిబ్బకూ తేడా మొక్కల సంఖ్యలో తెలియదు. అలాంటి తుమ్మ దిబ్బ దగ్గర ఒక గొల్లాయన్ని, “పచ్చగానే ఉందే పెద్దాయనా?” అని అడిగాను. “పచ్చగా ఉండాది సార్, ఏం లాభం? మేక మూతి పెట్టదు, పిట్ట గూడు కట్టదు” అన్నాడు. ప్రణాళికల మీద ఇంత క్లుప్తమైన సమీక్ష నేను రాయలేను.

అటు చివర సర్ట్సీ ఉంది. 1963 నవంబరులో ఐస్‌లాండ్ పక్కన సముద్రంలోంచి పుట్టిన ఆ దీవి మీద శాస్త్రజ్ఞులు తప్ప ఎవరూ కాలు పెట్టకూడదని కట్టడి చేశారు. ఏళ్ళ తరబడి మొక్కలు అరకొరగా ఉన్నాయి. 1986లో సముద్రపు కాకులు గుంపుగా గూళ్ళు పెట్టాక, వాటి రెట్టతో మట్టి సారమై పచ్చిక పరుచుకుంది. ఒకసారి టమాటా మొక్క కనిపించిందట, ఎవరో శాస్త్రజ్ఞుడు కాలకృత్యం తీర్చుకున్న చోట. దాన్ని పీకేశారు. అంత నిష్ఠ మనకు సాధ్యం కాదు, కొండ మీద గుళ్ళున్నాయి, పశువులున్నాయి, కూలి బతుకులున్నాయి. కానీ వేచి చూడడం కూడా ఒక పద్ధతేనని ఆ దీవి చెబుతుంది. మొదటి ఇరవై ఏళ్ళ లెక్క చూసి అక్కడ పని కావడంలేదని మూసేసేవాళ్ళు మన అధికారులైతే.

సరిహద్దు తెలుగువాళ్ళం గనుక ఈ పుస్తకం చదువుతుంటే మన గురించి పోలిక తోచకుండా ఉండదు. జీవశాస్త్రంలో రెండు రకాల ద్వీపాలు. సముద్రంలో కొత్తగా పుట్టి ఒక్కొక్కటే జాతిని కూడగట్టుకునేవి ఒకటి. ఒకప్పుడు పెద్ద నేలలో భాగమై, నీరు పెరగడంతో విడిపోయినవి రెండోది. రెండో రకం నిండుగా మొదలై నెమ్మదిగా కోల్పోతుంది. మారిషస్ తెలుగువాళ్ళది మొదటి కథ, 1953 అక్టోబరు 1న గీత గీశాక బళ్ళారి తెలుగువాళ్ళది రెండో కథ అని రాయాలని చెయ్యి ఉబలాటపడుతుంది. రాయవచ్చు, కాని ఒక్క మెట్టు మించి పోకూడదు. మొక్కకు పొరుగు భాష రాదు. మనకు కన్నడం వచ్చు, మన పిల్లలకు ఇంకా బాగా వచ్చు, అందులో నష్టం చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. తంగేడు, తంగడి, బందారు, బందరి, కొండ మీది పేర్లే రెండు భాషలకూ ఉమ్మడి. నాకు దిగులు ఆ పేర్ల విషయంలోనే. దిబ్బ మీద బందారు లేకపోతే ఏ భాషలోనూ ఆ మాటతో పని ఉండదు.

ఈ పోట్లాట చదువుకున్నవాళ్ళ కాలక్షేపం కాదనడానికి దేవదారి కొండ చాలు. నాలుగువందల హెక్టార్ల పైచిలుకు అడవిలో గని తెరిచే ప్రతిపాదన మీద 2024 జూన్‌లో కేంద్రం సంతకం చేయడం, రాష్ట్ర అటవీ శాఖ అడ్డు చెప్పడం పత్రికల్లో వచ్చింది. చెట్లకు బదులు చెట్లు నాటుతామన్నది ఇలాంటి ప్రతిపాదనలన్నిటిలో ఉండే వాక్యం. ఆ వాక్యం వెనక ఉన్నది, తెలిసో తెలియకో, ఫ్లోరిడా లంకల ధీమాయే. ఖాళీ చేస్తే మళ్ళీ నిండుతుంది, సంఖ్య సరిపోతుంది. మెకార్థర్, విల్సన్‌లు ఆ మాట అనలేదు, అయినా వాళ్ళ పటం అలా చదవడానికి వీలిస్తుంది. సుందరమైన పటాలతో వచ్చే చిక్కు అది.

పుస్తకం 2001లో విల్సన్ కొత్త ముందుమాటతో మళ్ళీ అచ్చయింది. గణితం భయపెడితే రెండు, మూడు అధ్యాయాల్లో సమీకరణాలు దాటేసి పటాలు చూసుకోవచ్చు. నాలుగో అధ్యాయం, కొత్తవాళ్ళను ఏ ద్వీపం రానిస్తుంది ఏది రానివ్వదు అన్న అయిదోది, మెట్టు మెట్టుగా దీవులు దాటడం మీద ఆరోది, ఈ మూడూ తీరిగ్గా చదవండి. ఆరోది చదివేటప్పుడు సండూరు నుంచి హొసపేట పోయే రోడ్డును మనసులో పెట్టుకుంటే మరీ మంచిది.